రేడియో మీద చెయ్యి

రేడియోలో దీవి స్టేషను తెల్లవారుతూనే గంటతో తెరుచుకునేది. గుడి గంట కాదు, చర్చి గంట. దాని వెనకే ఆడవాళ్ళ గుంపొకటి కీర్తనలో ఒక్క చరణం పాడి ఆపేది. తర్వాత ముసలి పాదిరిగారొకాయన వణికే గొంతుతో ప్రార్థన చేసేవాడు. ఆయన ఆమెన్ అన్నాడో లేదో పళ్ళపొడి వాళ్ళు దూరిపోయి, మీ పళ్ళు ముత్యాల్లా ఉన్నాయా అని అడిగేవాళ్ళు. పళ్ళపొడి అయ్యాక తలనొప్పి మందు, తలనొప్పి మందు అయ్యాక పాత పాటలు. పాత పాటలంటే పున్నమ్మ పుట్టకముందువి, వాళ్ళమ్మ చేలో కలుపు తీస్తూ పాడుకున్నవి.

ఆ స్టేషను ఎక్కడో సముద్రం మధ్యన దీవిలో ఉందట. దానికి అసలు పేరు ఇంగ్లీషులో ఏదో ఉంది గానీ, వినేవాళ్ళంతా దీవి స్టేషననే అనేవాళ్ళు. పాటలు పెట్టే అనౌన్సరు అక్కయ్య ఒకసారి, స్టేషను పుట్టినరోజని దాని కథంతా చెప్పింది. వెనకటికి పాదిరీలు సువార్త చెప్పుకోవడానికి అక్కడ మిషన్లు పెట్టారట. ఆ మిషన్లు తినే కరెంటుకు వాళ్ళ చందాలు చాల్లేదట. చివరికి సబ్బుల వాళ్ళకూ పళ్ళపొడుల వాళ్ళకూ అప్పజెప్పి, ఒక్క షరతు పెట్టారట: పొద్దున మొదటి గంట, మొదటి ప్రార్థన మాత్రం తియ్యకూడదు.

"అందుకే మా ఇంట్లో దేవుడు ముందు లేస్తాడు, వ్యాపారం తర్వాత లేస్తుంది. కొత్త పాటలు కావాలంటే పక్క స్టేషనుకు పోండి, మా బీరువాలో అన్నీ పాతవే" అని ఆ అక్కయ్య నవ్వింది. పున్నమ్మ కూడా పొయ్యి ముందు కూర్చుని ఒక్కతే నవ్వింది. ఆ రోజంతా ఆమె చెవిన పడ్డ మనిషి గొంతు అదొక్కటే.

మద్దిగుంపు అడవి అంచున చిన్న కోయగూడెం. గూడేనికి ఇవతల వెదురు డిపో, డిపో మూలన పెంకుల గది, ఆ గదిలో పున్నమ్మ. భర్త వెంకటనారాయణ అడవిలో వెదురు నరికే కూపులో సూపర్‌వైజరు. సోమవారం పొద్దున్నే కూలీలతో అడవిలోకి పోతే మళ్ళీ శనివారం పొద్దువాలాక వచ్చేవాడు. బోనకల్లులో పుట్టి పెరిగిన పిల్లకు రైలు కూత లేని పూట అంటూ తెలియదు. ఇక్కడ పెద్ద చప్పుడంటే వెదురు లారీయే, అదీ వచ్చిన రోజు. గూడెంలో వాళ్ళు మంచివాళ్ళే. తమలో తాము కోయ మాట్లాడుకుంటూ ఉండి, ఆమె కనబడగానే తెలుగులోకి మారేవాళ్ళు. మర్యాద కోసమే మారేవాళ్ళు. కానీ ఆ మారడంలో అంతదాకా సాగిన నవ్వు తెగిపోయేది. ఆమె పలకరించి, అడగాల్సింది అడిగి, వచ్చేసేది.

ఆమెతో పాటు ఇంట్లో ఉండే ఇంకో ప్రాణి గోపాలు. వాడికి ఏడాది నిండి ఎండాకాలం దాటింది. బొద్దుగా ఉంటాడు, నవ్వుతాడు, గోడ పట్టుకుని నడుస్తాడు. ఎవరైనా చూస్తే దిష్టి తియ్యమంటారు గానీ లోపం పట్టరు. పున్నమ్మ మాత్రం పట్టింది. పట్టి, ఎవరికీ చెప్పకుండా గుండెలో పెట్టుకుంది.

పిల్లాడు అటు తిరిగి ఆడుకుంటుంటే వెనక నుంచి గంటెతో సత్తుగిన్నె మీద కొట్టేది. తలుపు దభాలున వేసేది. చప్పట్లు కొట్టేది. ఒక్కోసారి తిరిగేవాడు. చాలాసార్లు తిరిగేవాడు కాదు. తిరిగిన ఆ ఒక్కసారినే కొంగున ముడేసుకుని ఆ పూట అన్నం తినేది. తిరగనివన్నీ ఆ తర్వాత వచ్చి పక్కన కూర్చునేవి. లారీ డిపోలోకి వచ్చి హారను కొడితే చెట్ల మీది కాకులన్నీ లేచేవి. గోపాలు నోట్లో వేలేసుకుని చీమల బారు చూస్తూ కూర్చునేవాడు.

అత్త ఆదెమ్మ మనవణ్ణి చూసిపోదామని బోనకల్లు నుంచి వచ్చినప్పుడు పున్నమ్మ మాట కదిపింది.

"వాళ్ళ నాయన గూడ శాన దినాలు మాట్లాడలేదే" అంది ఆదెమ్మ. "ఒకపారి నోరు ఇప్పినంక ఇప్పటిదాక మూసిండా? పసిగుడ్డు మీద అనుమానం పెట్టుకోకు. తల్లి అనుమానం తగిలిద్ది పిల్లలకి."

తల్లి అనుమానం తగులుతుందంటే ఇక ఏం అంటుంది? భర్తతో అనబోతే అతను, "మా అమ్మ చెప్పింది గదనే" అని చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. ఏడో తరగతిలో బడి మానిపించిన పిల్ల పున్నమ్మ. తనకు తెలిసింది నిజమేనని గట్టిగా అనడం ఆమెకు చేతకాదు. ఎవరైనా గట్టిగా కాదంటే, అవును కాదేమోలే అనుకోవడం అలవాటు.

ఆ పాదిరిగారి ప్రార్థనలో రోజూ ఒక మాట వచ్చేది. "వ్యాధితో ఉన్నవాళ్ళు మీ రేడియో మీద చెయ్యి పెట్టండి. చెయ్యి పెట్టలేని పసిబిడ్డలుంటే తల్లులే పెట్టించండి. నేనిక్కడ చెయ్యి పెడుతున్నాను. మనం కలిసి అడుగుదాం." మొదట్లో పున్నమ్మకు అది వినబడీ వినబడనట్టు పోయేది. తర్వాత తర్వాత, పొయ్యిలో ఊదుతున్నదల్లా ఊదుడుగొట్టం పక్కన పెట్టి వినడం మొదలుపెట్టింది. పిల్లాడి పుట్టువెంట్రుకలు భద్రాచలం రామయ్యకు మొక్కి ఉంది. మొక్కిన నోటితోనే ఇంకో గుమ్మం తడితే ఆయన ఏమనుకుంటాడోనని భయం.

ఈ సంగతి భీమక్కతో అంది. భీమక్క గూడెంలో మొదటింటి మనిషి, కట్టెలమోపు తెచ్చిపెట్టి మధ్యాహ్నం పాటలయ్యేదాకా గడప మీద కూర్చుని పోయేది. నోట్లో పళ్ళు పెద్దగా మిగల్లేదు గానీ పళ్ళపొడి ప్రకటన మొత్తం కంఠతా వచ్చు.

"మీ రామయ్య ఒకడు, ఆ పెట్టెలోని సామి ఒకడు, మా వేలుపు ఒకడు" అంది భీమక్క. "ముగ్గుర్ని అడుగు. ముగ్గుర్లో ఒకడన్న ఇంటికాడ ఉండడా?"

"తప్పు కాదంటవా?"

"పిల్లగాని కోసం తల్లి గడప గడప తిరిగితే తప్పేంది? నా మనమడికి జరమొస్తే నేను పోస్టుమేను కాళ్ళు గూడ మొక్కిన, చేతిలో మందు గోలీలున్నయని."

మర్నాడు గంట మోగినప్పుడు పున్నమ్మ తలస్నానం చేసి ఉంది. రేడియో పెద్దది, కర్రపెట్టెలో బిగించిన సెట్టు, వెంకటనారాయణ ఎవరో రేంజరు బదిలీ మీద పోతుంటే తెచ్చుకున్నది. దాన్ని గోడకున్న చెక్క మీంచి దింపి చాప మీద పెట్టింది. గోపాలును ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వాడి చెయ్యి పట్టుకుని పెట్టె పైన ఆనించింది. పాదిరిగారు అడగాల్సింది అడిగాడు. ఆమె కళ్ళు మూసుకుని రామా రామా అనుకుంది. ఆమెన్ అయింది. పళ్ళపొడి, తలనొప్పి మందు అయ్యాయి. ఏమీ కాలేదు. ఇక చెయ్యి తీయించబోతుండగా పాట మొదలైంది, తబలా గట్టిగా మోగే పాట.

గోపాలు ఉలిక్కిపడ్డాడు.

కళ్ళు పెద్దవి చేసి పెట్టెను చూశాడు. రెండో చెయ్యి కూడా పెట్టాడు. నోరంతా తెరిచి నవ్వాడు. తర్వాత ముందుకు వంగి, ఎవరూ నేర్పకుండానే, పెట్టెకు చెంప ఆనించి కళ్ళు మూసుకున్నాడు. పాట నడిచినంతసేపూ వాడి కాలి బొటనవేలు ఆడుతూనే ఉంది.

పున్నమ్మ ఎట్లా లేచిందో, ఎట్లా వాకిట్లోకి ఉరికిందో ఆమెకే తెలియదు. "భీమక్కా! ఓ భీమక్కా! వింటున్నడే! నా కొడుకు వింటున్నడే!" గూడెం ఆడవాళ్ళంతా వచ్చారు. గోపాలు పెట్టెను కావలించుకుని నవ్వుతుంటే చూసి, ఈసారి వాళ్ళు కోయలోనే అరిచారు, కోయలోనే ఆమె గడ్డం పట్టుకుని ముద్దుచేశారు. ఎవరూ తెలుగులోకి మారలేదు. అర్థం కాకపోయినా పున్నమ్మకు అది చాలా బాగుంది.

ఆ వారం వెంకటనారాయణ వచ్చి చూసి, వెనక్కి వెనక్కి నడిచి కొడుకును తల పక్కకు వంచి చూశాడు. "ఏందే, నా కొడుకు పాటగాడయ్యేటట్టున్నడే" అన్నాడు. తర్వాతి శనివారం రేడియోకు కొత్త సెల్లులు తెచ్చాడు. పాత సెల్లుల్ని ఎండలో పెట్టి పెట్టి వాడుకునే ఇంట్లో కొత్తవి రావడమంటే పండగే. పున్నమ్మ సత్తుగిన్నె మీద కొట్టడం మానేసింది. దేవుడిచ్చిందాన్ని మళ్ళీ తూకం వేస్తే వెనక్కి తీసుకుంటాడని భయపడింది. దీవి స్టేషనుకు మద్రాసులో ఒక చిరునామా ఉంది. దానికి కార్డు రాసింది. తప్పులు పోతాయని ముందు గోడ మీద బొగ్గుతో రాసి చూసుకుని, తర్వాత కార్డు మీద దించింది. వెంకటనారాయణ దాన్ని లారీ డ్రైవరుకిచ్చి డబ్బాలో వేయించాడు.

ఒక మబ్బు పట్టిన మధ్యాహ్నం పున్నమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. గోపాలు చాప మీద పెట్టెకు చెంప ఆనించి ఉన్నాడు. పాట నడుస్తూ నడుస్తూ దూరమైంది. దీవి స్టేషనుకు అది అలవాటే, మబ్బు పడితే సముద్రంలోకి మునిగినట్టు పోయి మళ్ళీ తేలుతుంది. పాట పోయింది. పెట్టెలో గుర్రుమనే మోత ఒక్కటే మిగిలింది. ఆమె చెరుగుతూనే కొడుకు వంక చూసింది. వాడు నవ్వుతున్నాడు.

ఆమె కూడా నవ్వింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

పాట లేదు. మాట లేదు. ఒట్టి గుర్రు. వాడు అదే నవ్వు నవ్వుతున్నాడు, కాలి బొటనవేలు అదే ఆడటం ఆడుతోంది.

చేట కింద పెట్టింది. పాట మళ్ళీ తేలేదాకా కూర్చుంది. తేలాక మీట మొత్తం తిప్పి పెద్దగా పెట్టింది. పెట్టెను రెండు చేతులా ఎత్తి, వాడి వెనక గోడ దగ్గరికి తీసుకుపోయి చెక్క మీద పెట్టింది. పాట పెంకులు లేచేట్టు మోగుతోంది. గోపాలు పెట్టె ఉన్న చోటు చాప మీద తడిమాడు. అటు తడిమాడు, ఇటు తడిమాడు. వెనక్కి మాత్రం తిరగలేదు. కాసేపటికి మూతి విరిచి ఏడుపందుకున్నాడు.

పున్నమ్మ తన అరచెయ్యి పెట్టె మీద ఆనించింది. చీమలు పాకుతున్నట్టు సన్నగా అదురుతోంది. ఇన్నాళ్ళూ వాడి చేతినే పెట్టించింది గానీ తన చెయ్యి ఎప్పుడూ పెట్టలేదు.

పాదిరిగారి మీద కోపం తెచ్చుకుందామనుకుంది. రాలేదు. ఆయన చెయ్యి పెట్టమన్నాడే గానీ, నవ్వితే చెవులొచ్చినట్టే అని చెప్పలేదు. ఆ మాట తనే చెప్పింది. తనే వాకిట్లోకి ఉరికింది, తనే కార్డు రాసింది. ఇప్పుడు తనే వెళ్ళి, లేదు, అది అదురు మాత్రమే అని చెప్పాలి. భీమక్కకు చెప్పాలి. భర్తకు చెప్పాలి. చెప్పినాక అందరూ వాణ్ణి ఇక ఎట్లా చూస్తారో అదీ చూడాలి. ఇవాళ కాదులే అనుకుంది. పెట్టెను తెచ్చి మళ్ళీ చాప మీద పెడితే వాడు ఏడుపు మానాడు. ఆ నవ్వు అబద్ధం కాదు గదా అని తనకు తానే చెప్పుకుంటూ బియ్యంలో రాళ్ళు ఏరింది.

ఇవాళ కాదు, రేపు అనుకుంటూ శనివారాలు దాటించింది. అతను వచ్చి, కొడుకును పెట్టె పక్కన కూర్చోబెట్టి మురిసి, సోమవారం వెళ్ళిపోయేవాడు. పున్నమ్మ చెప్పబోయి, ఇంకో గంటెడు అన్నం వడ్డించేది. ఆమె లాలిపాట పాడటం కూడా తగ్గించింది. ఒక రోజు పాట మధ్యలో, ఈ ఇంట్లో తన గొంతు తనకు తప్ప ఇంకెవరికీ అక్కర్లేదని తట్టింది. ఆ తర్వాత నోరు మెదపాలంటేనే ఒక రకంగా ఉండేది.

అప్పుడు కార్డు చదివారు.

భీమక్క గడప మీద కూర్చుని ఉంది. అనౌన్సరు అక్కయ్య సబ్బు మాట ముగించి, "ఇప్పుడు అడవి నుంచి ఒక కార్డు వచ్చింది. మద్దిగుంపు నుంచి పున్నమ్మగారు రాశారు" అంది. పున్నమ్మ చేతిలో నీళ్ళ చెంబు అట్లాగే ఉండిపోయింది. "మా బాబుకు వినపడేది కాదు, మీ ప్రార్థనలో రేడియో మీద చెయ్యి పెట్టించాక వింటున్నాడు, మీకు దండాలు అని రాశారు. పున్నమ్మగారూ, మాకందరికీ ఎంత సంతోషమో! గోపాలు బాబూ, ఈ పాట నీకే. బాగా విను నాన్నా."

"మనూరు! మనూరు పేరొచ్చింది! పిల్లగాని పేరొచ్చింది!" భీమక్క లేచి గూడెం వైపు కేకలేసుకుంటూ పోయింది.

పాట మొదలైంది. గోపాలు రేడియోకు వీపు పెట్టి కూర్చుని వెదురు పుల్లతో నేల గీస్తున్నాడు.

ఆ తర్వాతి వారంలో, ఖాళీ లారీ డిపోకు వచ్చిన పగటిపూట, దానిలోంచి ఒక లంబాడీ ఆమె దిగింది. దుమ్ము కొట్టుకుపోయిన చేతితో ఒక ఆడపిల్లను పట్టుకుని నేరుగా గది ముందుకొచ్చింది. పిల్లకు బడికి పోయే వయసుంటుంది.

"రేడియోల పేరొచ్చిన పున్నమ్మవు నువ్వేనా అక్కా?"

"అవ్."

"నా పేరు గోరి. మాది కారేపల్లి అవతల తండా. ఇది నా బిడ్డ. దీనికి ఇనరాదు. నీ పెట్టె మీద చెయ్యి పెట్టిచ్చుకోని పోత."

పున్నమ్మ, "మీ తండాల రేడియో లేదా?" అని మాత్రం అనగలిగింది.

"ఎందుకు లేదు? మా మరిదికుంది. పెట్టిచ్చిన. అండ్ల ఏం లేదు. నీ దాంట్ల ఉందంట గదా." గోరి లోపలికి తొంగి చూసి, చాప మీది పెట్టెకు అక్కడి నుంచే దండం పెట్టింది. "పూజ పొద్దుగాల గదా అయ్యేది? నీ అరుగు మీద పండుకుంట. గట్కయినా సరే, గంజయినా సరే, దీనికింత పెడితే చాలు."

పున్నమ్మ అన్నం వండింది. పప్పు చేసింది. చింతకాయ తొక్కు తీసింది. గోరి తండాలో ఎవరెవరు ఏమన్నారో చెబుతూనే ఉంది: అత్త పోవద్దందట, పోతే బిడ్డ మాట్లాడుకుంటూ తిరిగొస్తది చూడండని తను అందట. ప్రతి మాటకూ పున్నమ్మ చెయ్యి ఇంకా నెమ్మదైంది. విస్తరి ముందు పెట్టి, అన్నం వడ్డించి, గంటె పట్టుకునే నిలబడి అంది:

"నా కొడుక్కి ఇనపడదు."

గోరి తలెత్తింది.

"నేననుకున్న, ఇంటున్నడని. పెట్టె అదురుద్ది. ఆ అదురుకు నవ్విండు. నాకు తెలవక కార్డు రాసిన." గంటె గిన్నెలో పెట్టింది. "వాడికి ఇనపడదు. ఎప్పుడూ ఇనపడలేదు."

ఆ మాట ఆమె నోటి వెంట బయటికి రావడం అదే మొదలు. చెప్పాక ఇంట్లో ఏదీ కూలిపోలేదు. గోపాలు తొక్కులో వేలు పెట్టి నాకి మొహం చిట్లించాడు.

"మరి ఇంకో కార్డు రాయకపోతివా?" అంది గోరి.

"సిగ్గయింది."

"నీకు సిగ్గయింది. నేను వెదురు లారీల నడుము ఇరగ్గొట్టుకోని వచ్చిన. తండ తండకు చెప్పి వచ్చిన. ఇప్పుడు ఏం మొఖం పెట్టుకోని పోవాలె?"

"నన్ను తిట్టు అక్కా."

"తిడత. అన్నం తిని తిడత" అంది గోరి, ముద్ద కలుపుతూ.

తిన్నది. బిడ్డకు తినిపించింది. చేతులు కడుక్కుని గోడకు ఆనుకుంది. తిట్టలేదు. చాలాసేపు గోపాలునే చూసింది.

"మీ ఆయనకు ఎరుకేనా?"

"తెల్వదు."

"అత్తకు?"

పున్నమ్మ తల అడ్డంగా ఊపింది.

"నేను గూడ గట్లనే దాచిన" అంది గోరి. "ఒకపారి బాయి కాడ ఇది అంచు మీదికి పోయింది. పిలుస్త ఉన్న, పిలుస్త ఉన్న, తిరగది. ఉరికిపోయి జుట్టు పట్టుకోని గుంజిన. ఆ దినం తెలిసింది నాకు. తెలిసి గూడ నోరు మూసుకున్న. అందరు ఏమంటరో అని. ఖమ్మం పెద్ద దవాఖానాకు తీస్కపోయేతలికి ఇది ఇంత పొడుగైంది. అక్కడ డాక్టరమ్మ నన్ను ఎట్ల తిట్టిందనుకున్నవ్! చెవికి మిషను పెడతరంట, మాట నేర్పే బడి ఉంటదంట. పసితనంల తెస్తే శాన మాటలు వచ్చు, ఇప్పుడు ఎన్ని వస్తయో చెప్పలేను అన్నది. ఇంగ నాకు దేవుడే దిక్కనిపిచ్చింది. అందుకే నీ పెట్టె కాడికి వచ్చిన."

"పసితనంల తెస్తే" అంది పున్నమ్మ.

"అవ్. నీ వాడు గింతున్నడు. జల్దీ పో."

పున్నమ్మ గోపాలును ఒళ్ళోకి లాక్కుంది. ఇన్నాళ్ళూ దాచింది తన సిగ్గు ఒక్కటే అనుకుంది. దాచిన ప్రతి వారమూ వాడి మాటల్లోంచి కొన్ని పోతున్నాయని తట్టలేదు.

తెల్లారి గంట మోగినప్పుడు గోరి బిడ్డను తీసుకొచ్చి చాప మీద కూర్చోబెట్టింది. పున్నమ్మ ఆశ్చర్యంగా చూస్తే, "వచ్చినం గదా, పెట్టిపోతం. ఆ పెట్టెల సామికి గూడ పొద్దుపొద్దుగాల వేరే పనేముంది?" అంది. పిల్ల పెట్టె మీద చెయ్యి పెట్టింది. పాట రాగానే అదురు తెలిసి భుజాలు ఎగరేసి తల్లిని చూసి నవ్వింది. గోరి దాని ఎదురుగా వచ్చి, మొహం చూపించి, చేత్తో ఇక పోదాం అని సైగ చేసింది. పిల్ల టక్కున లేచింది. వెదురు నింపుకుని పోయే లారీ ముందుసీట్లో వాళ్ళిద్దరినీ ఎక్కించి, పున్నమ్మ దుమ్ము అణిగేదాకా అక్కడే నిలబడింది. మళ్ళీ వస్తానని గోరి అనలేదు. రమ్మని పున్నమ్మా అనలేదు.

శనివారం వెంకటనారాయణ అడవి నుంచి పాట పాడుకుంటూ వచ్చాడు. కూపులో అందరూ రేడియో సంగతే చెప్పుకున్నారట. కంట్రాక్టరు కూడా భుజం తట్టాడట.

"నా పేరు చదవలే గని, నా కొడుకు పేరు దేశమంత చదివిన్రు" అన్నాడు, చొక్కా విప్పుతూ. "ఏడి వాడు?"

"కూసో. ఒక మాట చెప్పాలె."

"నీళ్ళియ్యి ముందు."

ఆమె నీళ్ళివ్వలేదు. "వాడికి ఇనపడదయ్యా. ఆ పెట్టె అదిరితే నవ్వుతున్నడు గని, పాట ఇని కాదు. నేనే తప్పనుకున్న. సోమవారం ఖమ్మం పోవాలె."

అతను నవ్వబోయాడు. "నీకేమన్న దయ్యం పట్టిందా? రేడియోలనే చెప్పిన్రు గదా!"

"రేడియోల చెప్పింది నేనే గదా. నేను రాసిందే చదివిన్రు."

గోపాలు అటు తిరిగి తండ్రి సంచీ తాడు లాగుతున్నాడు. వెంకటనారాయణ వాడి వెనక నిలబడి, "గోపాలూ" అన్నాడు. మళ్ళీ గట్టిగా, "గోపాలూ!" వాడు తాడు లాగుతున్నాడు. అతను చప్పట్లు కొట్టాడు. వెదురు మోపులు లెక్కపెట్టించేటప్పుడు అడవి కొసకు వినబడేట్టు కొట్టే చప్పట్లవి. మూలనున్న కోడిపెట్ట ఎగిరి బయటికి పోయింది. పిల్లాడి మెడ మీది వెంట్రుక కూడా కదల్లేదు.

"ఎప్పటి నుంచి ఎరుక నీకు?" అన్నాడు చివరికి.

"తెల్వక ముందు నుంచీ ఎరుకే."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్పిన గదా. మీ అమ్మ చెప్పిన మాట చెప్పి పోయినవ్. తర్వాత నాకే నోరు రాలే."

అతను ఆమె వంక కోపంగా చూశాడు. ఆ కోపం ఎవరి మీదో అతనికే తెలిసినట్టు లేదు. "సోమవారం కూపుకు పోను. నా బదులు మనిషిని పంపుత" అన్నాడు. "అమ్మకు నేను చెప్త" అన్నాడు. చొక్కా మళ్ళీ వేసుకుని, గుండీలు పెట్టుకోకుండానే బయటికి పోయాడు.

పున్నమ్మ పొయ్యి దగ్గరికి పోయి నీళ్ళ గిన్నె ఎక్కించింది. చెప్పేస్తే బరువు దిగుతుందంటారు. దిగలేదు. ఇంకొకరి భుజం కూడా దాని కిందికి వచ్చింది, అంతే. ఖమ్మంలో ఎక్కడ దిగాలో, ఎవరిని అడగాలో, ఆ డాక్టరమ్మ తననూ తిడుతుందో ఏమో, మిషను పెట్టినా వినబడకపోతే అప్పుడెట్లా అని ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి.

వెదురు మోపుల అవతల నుంచి కేక వినబడింది. "గోపాలూ!" ఇంట్లోంచి పిలిస్తే వినబడనిది దూరం నుంచి పిలిస్తే వినబడుతుందేమోనన్నట్టు, ఒక్కో మోపు దాటి ఇంకా అవతలికి పోయి, అతను మళ్ళీ పిలుస్తున్నాడు. "ఓ గోపాలూ!"

పిల్లాడు సంచీ తాడు నోట్లో పెట్టుకున్నాడు.

"ఆఁ" అని పున్నమ్మే పలికింది, పొయ్యి దగ్గర నుంచి, బయటికి వినబడనంత మెల్లగా.

ఇంకో కేక వచ్చింది. ఈసారి గొంతు చీలింది. ఆమె గిన్నె దించి, తాడు విడిపించి, కొడుకును చంకనేసుకుని గడప దాటింది. మోపుల చుట్టూ తిరిగి, అతను నిలబడ్డ చోటికి పోయి, ఎదురుగా నేల మీద దింపింది. గోపాలు వెదురు పట్టుకుని నిలదొక్కుకుని తలెత్తి చూశాడు. తండ్రి కనబడగానే రెండు చేతులూ పైకి చాచాడు.